నీరు, నేల, పట్టా: దక్షిణ రాయలసీమలో కొత్త సేద్యపు స్థావరాల చరిత్ర

సారాంశం

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో బీడునేలను పొలంగా మార్చి, అక్కడే ఇల్లు కట్టుకొని నిలదొక్కుకున్న కుటుంబాల చరిత్ర ప్రధానంగా మూడు వ్యవస్థల గుండా సాగింది. అవి దశబంధం, రైత్వారీ దరఖాస్తు, స్వాతంత్ర్యానంతరం వచ్చిన డి.కె.టి. పట్టా. దశబంధం నీటికి ప్రతిఫలంగా నేలను ఇచ్చింది, అయితే ఆ నేల కలిగినవారికే దక్కింది. డి.కె.టి. పట్టా పేదలకు నేలను ఇచ్చింది, నీటి బాధ్యతను మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఈ రెండింటి మధ్య ఏర్పడిన ఎడమే ఈ ప్రాంతపు కొత్త సేద్యగాళ్ల కష్టానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: దశబంధం, చెరువు, రైత్వారీ, దరఖాస్తు, డి.కె.టి. పట్టా, శివాయి జమ, ఇందిర జలప్రభ

1. ఉపోద్ఘాతం

దక్షిణ రాయలసీమలో జీవనది లేదు. స్వర్ణముఖి, కల్యాణి, నీవా, బాహుదా, పించా వంటి ఏర్లు వాన కురిసినప్పుడు పారి, తరువాత ఇసుకగా మిగులుతాయి. రాతి గుట్టలు, వాటి నడుమ వాలు నేలలు, వాలు దిగువన ఒండ్రు పల్లాలు ఈ సీమ భూస్వరూపం. ఇటువంటి చోట ఒక కుటుంబం కొత్తగా స్థిరపడాలంటే మొదటి ప్రశ్న నేల ఎంత అన్నది కాదు, నీరు ఎక్కడ నిలుస్తుంది అన్నది. ఈ ప్రశ్నకు ఒక్కో కాలపు పాలనావ్యవస్థ ఇచ్చిన సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఊరి పేరు చెప్పే తొలి అడుగు

స్థిరనివాసాల తొలి దశకు ఊరి పేరే మొదటి ఆధారం. దామలచెరువు, పాలసముద్రం, రామసముద్రం, పెద్దతిప్పసముద్రం వంటి పేర్లలో ఊరి కంటే ముందు నీటి వనరు కనిపిస్తుంది. ఇక్కడ సముద్రమంటే పెద్ద చెరువు. ఇంటిపేరుకో మనిషి పేరుకో 'వారిపల్లె' చేరి ఏర్పడిన పల్లెల పేర్లు రెండో రకం. ఒక కుటుంబమో ఒక వంశమో ముందు వచ్చి గుడిసె వేసుకోగా, తరువాతి తరాలలో అది పల్లెగా ఎదిగిన తీరును ఇవి సూచిస్తాయి. డాక్టర్ కేశవరెడ్డి 'మూగవాని పిల్లనగ్రోవి' నవలలో నేల పోగొట్టుకున్న రైతు ఊరి పేరు 'ఒంటిల్లు'. ఒకే ఒక్క ఇంటితో ఊరు మొదలవుతుందన్న ఊహ ఆ పేరులోనే ఉంది.

3. దశబంధం: కట్టినవాడికి నేల

విజయనగర కాలంలోనూ, తరువాతి పాలెగాళ్ల కాలంలోనూ రాయలసీమలో చెరువుల నిర్మాణానికి ఊతమిచ్చిన ఏర్పాటు దశబంధం. సొంత ఖర్చుతో చెరువు కట్టినవారికి, లేదా తెగిన చెరువును బాగుచేసినవారికి, దాని కింద సాగయ్యే నేలలో కొంత భాగం ఇనాంగా దక్కేది. పదో వంతు అన్న అర్థం పేరులో ఉన్నా, ఆచరణలో ఆ భాగం చోటును బట్టి మారేది. ఇది రెండు విధాలుగా ఉండేదని రెవెన్యూ రికార్డుల పరిభాష తెలుపుతుంది. ఇనాం నేలను హద్దులతో విడిగా చూపితే అది ఖండం దశబంధం. విడిగా చూపకుండా ఆయకట్టు శిస్తులో భాగం వదిలిపెడితే అది షమిలాతు దశబంధం. రెండింటిలోనూ కట్ట, తూము, కలుజు చెడిపోకుండా చూసే బాధ్యత ఇనాందారుదే. బాధ్యత నెరవేరినంత కాలమే హక్కు నిలిచేది.

చెరువు నిర్మాణం వెనుక శాస్త్రజ్ఞానం కూడా ఉంది. పొరుగున ఉన్న కడప సీమలో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను పేర్కొంటుంది. ఆ చెరువు నిర్మాణానికి 1000 మంది కూలీలు, 100 బండ్లు 2 సంవత్సరాలు పనిచేసినట్లు చెబుతుంది. నీరు తక్కువై నేల ఎక్కువ కావడం ఆ 6 దోషాలలో ఒకటి. నీటి పరిమాణాన్ని బట్టి సాగునేల విస్తీర్ణం ఉండాలన్న సూత్రం 14వ శతాబ్దికే శిలాక్షరమైందన్నమాట.

చెరువు కట్ట తెగితే ఊరే ఉండదన్న ఎరుక జనశ్రుతిలోనూ బలంగా ఉంది. చిత్తూరు దగ్గరి కట్టమంచిలో పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి తన తొలి కావ్యం 'ముసలమ్మ మరణము'నకు అనంతపురం ప్రాంతపు బుక్కరాయసముద్రం చెరువు కట్ట కోసం ప్రాణమిచ్చిన ఇల్లాలి కథనే ఎన్నుకున్నారు.

అయితే దశబంధాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. చెరువు కట్టించగలిగినవారు ధనం, అధికారం ఉన్నవారే. మట్టి తవ్వి రాయి మోసిన ఒడ్డెలకు, తూము తీసి మూసే నీరుగంటికి, కయ్యల్లో నాటు వేసిన మాల మాదిగలకు దక్కింది కూలి, మేర, కొన్నిచోట్ల చిన్న సేవా మాన్యం మాత్రమే. నీరు నేలతో ముడిపడింది గాని ఆ నేల శ్రమించినవారితో ముడిపడలేదు.

4. ఆలయ ధనం, కొత్త సాగు

తిరుపతి పరిసరాల్లో నీటి పెట్టుబడికి మరొక మార్గం ఆలయం. తిరుమల తిరుపతి దేవస్థానం 1930వ దశకంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల కృషితో సంపుటాలుగా వెలువరించిన శాసనాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి. 15, 16 శతాబ్దాలలో భక్తులు శ్రీవారి భండారానికి సమర్పించిన ధనాన్ని ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించారు. దానివల్ల పెరిగిన పంటతో దాత పేరిట నిత్యనైవేద్యం జరిగేది. ఆ ప్రసాదంలో సాధారణంగా నాలుగో వంతు దాతకు చెందేది. ఈ ఏర్పాటులోని ఆర్థిక సూత్రాన్ని చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో విశ్లేషించారు. ఇక్కడ కూడా దశబంధపు తర్కమే పనిచేసింది. ముందు నీరు, దాని వెంట సాగు, సాగు వెంట జనం.

5. దరఖాస్తు, రాజీనామా

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించడంతో మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు థామస్ మన్రో పాలనలోకి వచ్చాయి. మరుసటి సంవత్సరం ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమై చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులో చేరాయి. పుంగనూరు, కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారీలను మినహాయిస్తే ఈ సీమలో క్రమంగా రైత్వారీ స్థిరపడింది. 1911 ఏప్రిల్ 1న ఈ భాగాలతోనే చిత్తూరు జిల్లా ఏర్పడింది.

రైత్వారీలో ప్రభుత్వ బంజరు కావాలనుకున్న రైతు దరఖాస్తు పెట్టుకోవాలి. వద్దనుకుంటే రాజీనామా ఇవ్వాలి. నేడు అర్జీకి, ఉద్యోగ విరమణకు వాడే ఈ రెండు పారసీ పదాలు అప్పట్లో నేలలోకి వచ్చే దారిని, నేలను విడిచే దారిని సూచించాయి. ఈ పద్ధతిలో సర్కారుకూ రైతుకూ మధ్య మిగిలిన సంబంధం శిస్తు ఒక్కటే. నీటితో ముడిపడిన పాత బాధ్యత క్రమంగా పలచబడింది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ దశబంధాలను నమోదు చేసింది. ఇనాములను రద్దుచేసి రైత్వారీ పట్టాలుగా మార్చే చట్టం 1956లో వచ్చింది. నేలకు పట్టా మిగిలింది, కట్టకు దిక్కు మిగలలేదు. 100 ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న చిన్న చెరువులు పంచాయతీల పరిధిలోకి చేరాయి.

1876–78 నాటి మహాక్షామం నీటి ఆధారం లేని మెట్ట సేద్యపు బలహీనతను బయటపెట్టింది. 1883, 1884 చట్టాల ద్వారా బావులు తవ్వుకోవడానికి, ఎద్దులు, విత్తనాలు కొనుక్కోవడానికి తక్కావీ అప్పులు అందుబాటులోకి వచ్చాయి. అయితే అప్పుకు హామీగా చూపడానికి ఆస్తి కావాలి. ఏమీ లేనివారికి ఆ తలుపు తెరుచుకోలేదు.

6. డి.కె.టి. పట్టా: దున్నినవాడికి కాగితం

అణగారిన కులాలకు ప్రభుత్వ భూమి కేటాయించాలన్న నిర్ణయం మద్రాసు ప్రభుత్వం 1892లో తీసుకున్నా, విస్తృతమైన పంపిణీ స్వాతంత్ర్యం తరువాతే జరిగింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి సంవత్సరం, 1954 జూన్ 18న వెలువడిన 1142వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు భూమిలేని పేదలకు ఇచ్చే నేలను అమ్మరాదని నిబంధించింది. 1977 నాటి 9వ చట్టం అటువంటి అమ్మకాలు చెల్లవని తేల్చింది. ఆ చట్టం ప్రకారం రెండున్నర ఎకరాల మాగాణి లేదా 5 ఎకరాల మెట్టకు మించి లేనివారు భూమిలేని పేదలు. దరఖాస్తు అన్న మాటే కుదించుకొని ఈ పట్టా జనవ్యవహారంలో 'డి.కె.టి.' అయింది.

ఆచరణలో పట్టా కంటే ముందు నాగలి నడిచింది. ఊరి చెరువు కింది కయ్యలు అప్పటికే ఇతరుల స్వాధీనంలో ఉన్నాయి. మిగిలింది గుట్ట వాలు, గులకనేల. కుటుంబమంతా కలిసి తంగేడు, బలుసు, రేగు కంప నరికేవారు. ఏరిన రాళ్లనే వాలుకు అడ్డంగా గట్లుగా పేర్చేవారు. చుట్టూ కిత్తనార నాటేవారు. గొర్రెల మందను రాత్రిళ్లు నిలిపించి నేలకు సత్తువ చేర్చేవారు. బోదకొట్టం వేసుకొని, పక్కన ఒక చింతనో కానుగనో పెంచేవారు. దీనిని రెవెన్యూ పరిభాష శివాయి జమ అంటుంది. 1905 నాటి ఆక్రమణల చట్టం కింద బి-మెమో వచ్చేది. కట్టిన జరిమానా రసీదును ఆ కుటుంబం భద్రంగా దాచుకొనేది. తప్పుకు వేసిన దండనే కాలక్రమంలో హక్కుకు సాక్ష్యమైంది.

పట్టా షరతుల ప్రకారం మూడేళ్లలోగా నేలను సాగులోకి తేవాలి. ఆ సాగుకు నీరెవరు తేవాలో మాత్రం షరతుల్లో లేదు. గుట్ట వాలుకు చెరువు నీరు ఎక్కదు. కపిల బావి తవ్వాలంటే రాయి పగలాలి. ఫలితంగా వాన మీద ఆధారపడిన వేరుశనగే దిక్కయింది. వరుసగా రెండేళ్లు వాన తప్పితే కుటుంబం బెంగళూరుకో చెన్నైకో కూలికి వెళ్లింది. అమ్మకాన్ని నిషేధించిన చట్టం నేలను కాపాడింది గాని, మనిషిని నేల మీద నిలపలేకపోయింది. బోర్లు వచ్చాక పోటీ మరింత లోతుకు దిగింది. భూగర్భజలాల వాడకాన్ని నియంత్రించడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం తేవలసి వచ్చింది.

7. ఆలస్యంగా వచ్చిన నీరు

ఈ లోపాన్ని ప్రభుత్వం కూడా గుర్తించిందనడానికి 2011లో ఆరంభమైన ఇందిర జలప్రభ నిదర్శనం. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాల అసైన్డు భూములకు ఉపాధి హామీ, నాబార్డు నిధులతో బోర్లు వేసి నీరందించడం దాని లక్ష్యం. నేల ఇచ్చిన దశాబ్దాల తరువాత నీటిని జతచేసే ప్రయత్నమిది. అయితే ఇక్కడి నీరు చెరువులో నిలిచే నీరు కాదు, భూగర్భం నుంచి తోడే నీరు. చెరువు నిండనప్పుడు చుట్టుపక్కల బోర్లూ నిలవవు. అందువల్ల వ్యక్తికి బోరు ఇవ్వడం ఉమ్మడి కట్టకు ప్రత్యామ్నాయం కాజాలదు.

2023లో చేసిన సవరణ ప్రకారం, పట్టా పొంది 20 సంవత్సరాలు నిండిన అసైన్డు భూమిని అమ్ముకొనే హక్కు లభించింది. దీనివల్ల పేద రైతుకు తన నేల మీద పూర్తి యాజమాన్యం వచ్చిందన్న వాదన ఉంది. అదే సమయంలో, నీరు లేక బీడుపడిన నేలకు అమ్మకమే సులువైన దారి అయ్యే ప్రమాదమూ ఉంది. తిరుపతి వంటి పెరుగుతున్న నగరం చుట్టూ ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

8. ముగింపు

దశబంధం నీటి బాధ్యతను నేల హక్కుతో ముడివేసింది, కానీ పేదను బయట నిలిపింది. డి.కె.టి. పట్టా పేదను లోపలికి తెచ్చింది, కానీ ఆ ముడిని విప్పేసింది. మొదటిదానిలో న్యాయం కొరవడింది, రెండోదానిలో నీరు కొరవడింది. నీరు తక్కువై నేల ఎక్కువ కావడాన్ని పోరుమామిళ్ల శాసనం చెరువు దోషంగా చెప్పింది. 20వ శతాబ్దపు భూపంపిణీకీ ఆ మాట వర్తిస్తుంది. గుట్ట వాలులో రాళ్లేరిన కుటుంబం మూడో తరంలోనూ అక్కడే నిలవాలంటే, పట్టా పుస్తకంలో సర్వే నంబరుతో పాటు ఆ నేలకు ఎగువన ఉన్న కుంట, దిగువన ఉన్న చెరువు, వాటిని చూసుకొనే బాధ్యత కూడా నమోదు కావాలి. దశబంధం నుంచి నేడు స్వీకరించదగినది ఈ ముడి ఒక్కటే.