రామమాడ ఏం చెబుతుంది?

రామదాసు బకాయిపడ్డ 6 లక్షల మొహరీలను రామలక్ష్మణులే వచ్చి తానీషాకు కట్టారన్న కథ తెలియనివారు కుసుమంచి ప్రాంతంలో ఉండరు. రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి పక్క మండలమే మరి. ఆ సొమ్ముకు గుర్తని నమ్మి తెలుగువాళ్లు దేవుడి గూట్లో పెట్టుకునే బిళ్లలే రామమాడలు, రామటెంకెలు. వాటిని ఆ చెల్లింపుకు సాక్ష్యంగా తీసుకోవచ్చా?

బిళ్లనే అడుగుదాం. ఒకవైపు కొలువుతీరిన సీతారాములు, పక్కన లక్ష్మణుడు, హనుమంతుడు. రెండోవైపు విల్లంబులతో నిలబడ్డ అన్నదమ్ములు, చుట్టూ నాగరి అక్షరాలు. చాలావాటి మీద 517, 40 అన్న అంకెలు కనిపిస్తాయి. అవి ఏ శకానికీ పొసగవు. విలువ లేదు, రాజు పేరు లేదు, టంకశాల ఊసే లేదు. కుతుబ్‌షాహీ సుల్తాను తానీషా అబుల్ హసన్ ఏలింది 1672 నుంచి 1687 వరకు. కుతుబ్‌షాహీల నాణేలుగా గుర్తించినవి ఎక్కువగా రాగివి, వాటి మీద ఉండేది అరబీ, పారశీక లిపి. అందుకే నాణేల పరిశోధకులు రామటెంకెలను భక్తుల కోసం చేసిన గుడి బిళ్లలుగానే లెక్కిస్తారు. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

రాముడి బొమ్మతో అసలైన నాణెం మాత్రం ఉంది. అక్బర్ ఇలాహీ శకం 50వ ఏట, అంటే 1604–05లో, విల్లు పట్టిన రాముణ్ణి, వెంట నడిచే సీతను అచ్చువేయించాడు. దాని మీద ఏడాది స్పష్టంగా ఉంది.

స్వతంత్ర భారతంలో స్మారక నాణేలు 1964లో నెహ్రూ బొమ్మతో మొదలయ్యాయి. తెలుగువారికి వెండితెర రాముడైన ఎన్టీఆర్ శతజయంతి నాణేన్ని రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2023 ఆగస్టు 28న విడుదల చేశారు. అచ్చువేసింది హైదరాబాద్ టంకశాల. విలువ 100 రూపాయలు, అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు, సగం వెండి. ఒకవైపు మూడు సింహాలు, రెండోవైపు ఆయన ముఖం, 1923–2023. అదీ చెలామణికి కాదు, దాచుకోవడానికే. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేశారో నాణెమే చెబుతుంది.

రామమాడ ఆ మాట చెప్పలేదు గనుక ఇంటివాళ్లే చెప్పాలి. తూకం, అడ్డుకొలత, లోహం, ఎవరి చేతి నుంచి వచ్చిందో ఒక కాగితం మీద రాసి, రెండువైపులా ఫొటో తీసి ఉంచాలి. పండుగకు చింతపండుతో తోమడం మానాలి. ముందుగా అరిగేవి అక్షరాలే.