నోరు తెరవమన్న దేవుడు

మిషనరీ అనగానే తెల్లదొర, నెత్తిన టోపీ, చేతిలో పాలపొడి డబ్బా గుర్తొస్తాయి. పాలపొడికి, గోధుమ రవ్వకు మతం అమ్ముకున్నోళ్లని మా మీద ఊళ్లో ఒక మాట తరతరాలుగా నడుస్తోంది. చదువుకున్న పెద్దలు కూడా అదే మాటను కొంచెం మర్యాదగా రాశారు. డోర్నకల్ కథ తెలిస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉన్న ఆ ఊరికి వచ్చిన మిషనరీ తెల్లోడు కాదు. మా అసొంటి నల్లటోడే.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిండు. నాడార్ కులం, తాటిచెట్ల మీద బతికిన కులం. 1897లో కముది గుళ్లో అడుగుపెట్టినందుకు నాడార్ల మీద కేసైంది. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయి, 1908లో వాళ్లు ఓడిపోయిన్రు. అసొంటి కులంలో పుట్టినాయనకు అంటరానితనం ఎవరో చెప్తే తెలిసేది కాదు.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నరు. దాని వెనుక ముఖ్యుడు అజరయ్యే. వాళ్లు ఎంచుకున్న నేల నిజాం రాజ్యంలోని డోర్నకల్, మానుకోట ప్రాంతం. మద్రాసు వైపు మనిషికి అది పరాయి దేశమే. రాజు వేరు, రూపాయి వేరు, కచేరీ భాష ఉర్దూ, ఊరి భాష తెలుగు. 1909లో వై.ఎం.సి.ఏ. కొలువు వదిలి ఆయనే డోర్నకల్ వచ్చిండు. ముప్పై అయిదేళ్లు నిండీ నిండని వయసు. తెలుగు నేర్చుకున్నడు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగిండు.

మిషనరీ పని మావాళ్ల రాత్రిని బట్టి నడిచేది. పొద్దంతా దొర పొలంలో వెట్టి. దీపాలు పెట్టే యాళ్లకు గూడెం చేరేది. బోధ అప్పుడే. అక్షరం ముక్క రానోళ్లు పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు నోటికి పట్టిన్రు. ఒకరు చెప్పాలె, అందరు అనాలె. మా అవ్వకు సంతకం రాదు, కీర్తనలు మాత్రం వరసగా పాడేది. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఆడోళ్లు పిడికెడు తీసి కుండలో దాచి, ఆదివారం గుడికి తెచ్చేటోళ్లు. గింజలకు మతం మారినోళ్లని మమ్మల్నన్న ఊరు, ఈ పిడికెడు బియ్యాన్ని లెక్కలోకి ఎందుకు తీసుకోలేదు?

బాప్తిస్మం అప్పుడు అజరయ్య ఒక పని చేయించేటోడు. కొత్తగా చేరిన మనిషి తన చెయ్యి తన నెత్తిన పెట్టుకొని, సువార్త చెప్పకుంటే తనకు కీడేనన్న పౌలు మాటను తన మాటగా పలకాలె. నేను ఈ ఒక్క సంగతి దగ్గరే ఆగిపోతాను. ఊళ్లో నోరు తెరిస్తే తప్పైన మనిషికి, నోరు తెరవకుంటే తప్పని చెప్పిన్రు. మావాళ్లు పొందిన మొదటి చదువు అది.

చెప్పినాయన తను కూడా అట్లనే బతికిండు. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్లు ఇరవై మంది లోపే. తెల్ల మిషనరీలు భారతీయ పనివాళ్లను స్నేహితులుగా చూడరని అజరయ్య వాళ్ల మొహం మీదే చెప్పిండు. మీరు చేసిన త్యాగాలు చాలా ఉన్నయి, మాకు స్నేహితులు కూడా కావాలె అని అడిగిండు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అయ్యిండు.

ఆ సభకు అధ్యక్షుడైన జాన్ మాట్‌తోనే 1936లో గాంధీ మాట్లాడుతూ, ఆవుకు సువార్త చెప్తారా అని అడిగిండు. కొందరు అంటరానోళ్ల తెలివి ఆవు కంటే తక్కువన్నడు. అప్పటికే డోర్నకల్ డయాసిస్ పల్లెల్లో శూద్ర కులాలవాళ్లు మాల మాదిగల బతుకులో మార్పు చూసి గుడికి రావడం మొదలుపెట్టిన్రు. ఆవులు చెప్తే విని వచ్చిన్రా వాళ్లు?

గుడి అంతా వెలుగేనని నేననను. చాలా ఊళ్లల్లో మాల గుడి వేరు, మాదిగ గుడి వేరు. ప్రభు భోజనం గిన్నె ఒక్కటే, కూసునే చాప ఒక్కటి కాలేదు. అజరయ్య అడిగిన స్నేహం మేం ఒకరికొకరం ఇంకా బాకీ ఉన్నం. మసీదు మినార్లు, హిందూ గుడి స్తంభాలు కలిపి కట్టించిన ఆయన పెద్ద గుడి 1939లో ప్రతిష్ఠ అయ్యింది. రాళ్లు కలిసినంత తేలిగ్గా మనుషులు కలవలేదు. 1945 జనవరి 1న ఆయన పోయిండు.

ఆ తర్వాత అయిదేళ్లకు, 1950లో, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు ఎస్సీ కాడన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవులకు తెరవలేదు. మన దగ్గర మమ్మల్ని బీసీ-సి అని ఒక్క శాతంలో పెట్టిన్రు. అందుకే నెత్తిన చెయ్యి పెట్టుకొని నోరు తెరుస్తమని ఒప్పుకున్నోళ్ల మనుమలు, ఆదివారం కీర్తన పాడి సోమవారం దరఖాస్తులో హిందూ అని రాస్తున్నరు. పిల్లగాని ఫీజు కోసం, కొలువు కోసం. వాళ్లను దొంగలన్నోళ్లు ముందు ఆ ఉత్తర్వు చదవాలె. బాప్తిస్మంతో మా కులం ఊరి బావికాడ పోలేదు, పెండ్లి పందిట్లో పోలేదు. సర్కారు కాగితంలో మాత్రమే పోయింది.