గొంగడి, గోర్-టెక్స్, నా బ్యాగు

ముదిగొండలో పుట్టినవాడికి కొండల సంగతి ఏం తెలుస్తుంది? మాదంతా చదును నేల. కొండంటే ఖమ్మం ఖిల్లానే. అందుకే హంప్టా పాస్ ట్రెక్కుకి ఎక్సెల్ షీటు ముందు పెట్టుకుని మరీ బ్యాగు సర్దాను. మూడు జీన్సు ప్యాంట్లు, రెండు పవర్ బ్యాంకులు, ఒక మందపాటి కాటన్ హుడీ. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోయానన్నమాట :)

రెండో రోజు మధ్యాహ్నందాకా ఎండ. అంతలోనే వాన, ఆ వెంటనే వడగళ్ళు. హుడీ నీళ్ళు పీల్చుకుని ఒంటికి అతుక్కుపోయింది. పళ్ళు టకటకలాడుతుంటే గైడు అది విప్పించేశాడు. గుర్రాలు తోలే ముసలాయన తన ఉన్ని దుప్పటి నాకు కప్పాడు. గరుకు, గొర్రె వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు. మా తాత గొంగడిది.

చిన్నప్పుడు ఆ గొంగడంటే నాకు నామోషీ. గుచ్చుకునేది. హాస్టల్‌కి పంపుతానంటే వద్దని ఏడ్చాను. దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి, కురుమలు గుంటమగ్గం మీద నేసేవారు. వాన వస్తే దాన్నే మడిచి తల మీదుగా వీపు మీదకి వేసుకునేవాడు తాత. రాత్రయితే అదే పరుపు, అదే దుప్పటి. మంద వెంట నెలల తరబడి తిరిగే గొర్లకాపరికి ప్యాకింగ్ లిస్టు దాదాపు అంతే: గొంగడి, కర్ర, సద్ది.

1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ దళాలు గోదావరి అడవుల్లోకి వెనక్కి తగ్గి, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అక్కడే తలదాచుకున్నాయి. మూడు వర్షాకాలాలు! నాలుగు రాత్రుల టెంటుకే నేను గిలగిల్లాడాను. వాళ్ళకి వెనక్కి వెళ్ళడానికి బేస్ క్యాంపు కూడా లేదు.

ఉన్నిలో కిటుకు ఏంటంటే, తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా అంత తడిగా అనిపించదు, పైగా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి పుట్టిస్తుంది. తడిసిన కాటన్ ఒంటి వేడినే లాగేస్తుంది. 1924లో ఎవరెస్ట్ మీద చనిపోయిన మలోరీ శరీరం 1999లో దొరికింది. ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని పొరలు, పైన గాబర్డీన్. అవే గుడ్డలు మళ్ళీ కుట్టించి 2006లో ఎవరెస్ట్ మీద వేసుకుని చూస్తే బాగానే పనిచేశాయట. గోర్-టెక్స్ జాకెట్లు బజారులోకొచ్చింది 1970ల్లో.

మన పెద్దలకి అన్నీ తెలుసు అనే పాట పాడబోవడం లేదు. గొంగడి బరువు, తడిస్తే మరీ బరువు, ఆరడానికి రోజులు పడుతుంది. చర్ల మండలం నుంచి వెళ్ళిన సాధనపల్లి ఆనంద్ కుమార్, పూర్ణతో కలిసి 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది గొంగడి కప్పుకుని కాదు. ఎండాకాలం నలభై దాటే ఊరి పిల్లాడు. ముందు భువనగిరి రాళ్ళు, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడఖ్ చలి. సామాను కొనుక్కోవచ్చు, చలి అలవాటు మాత్రం ఇలా మెట్టు మెట్టుగా రావాల్సిందే. నా షీటులో దానికి కాలమే లేదు.

అసలు బాధ వేరే ఉంది. మాంసానికి ధర ఉంది, ముతక ఉన్నికి లేదు. కాపరులు ఉన్నిలేని నెల్లూరు జాతి వైపు మళ్ళారు, దక్కనీ గొర్రె తగ్గుతోంది, దాంతోపాటు మగ్గమూ. మనమేమో మెరినో బనియన్లు వేలు పోసి ఆన్‌లైన్‌లో కొంటున్నాం, నాతో సహా. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకునే రకం మనం.

మొన్న ఊరెళ్ళి తాత గొంగడి ఏదని అమ్మని అడిగాను. ట్రాక్టరు సీటు మీద పరిచారట. దులిపి తూకం వేశాను. రెండు కిలోల పైనే ఉంది. నా బ్యాగులో పట్టదు.