రోజుల చీటీలు: తళి ప్రాంతానికి తగిన పాత్రాభినయ శిక్షణ

పేద కుటుంబం నెల ఎలా నెట్టుకొస్తుందో బయటివాళ్లకు తెలియజెప్పడానికి అమెరికాలోని మిస్సోరిలో ఒక అభ్యాసం వాడుకలోకి వచ్చింది. నర్సింగ్, సమాజసేవ విద్యార్థులకు దాంతో శిక్షణ ఇస్తున్నారు. పాల్గొనేవాళ్లు కుటుంబాలుగా విడిపోతారు. పదిహేను నిమిషాలు ఒక వారం, అలాంటివి నాలుగైతే నెల. చుట్టూ వేసిన బల్లలే బ్యాంకు, తాకట్టు అంగడి, బడి, పనిచోటు. దీన్ని ఉన్నదున్నట్టు తమిళనాడులోని తళికి తెస్తే పనికిరాదనీ, పాత్రలు తారుమారైతేనే ఫలితం ఉంటుందనీ నా వాదన.

ఇదే కోవకు చెందిన, 2011లో వచ్చిన ‘స్పెంట్’ అనే కంప్యూటర్ ఆటలో ఉద్యోగం పోయిన మనిషి వెయ్యి డాలర్లతో నెల గడపాలి. రూసోస్, డొవిడియో అనే పరిశోధకులు దీన్ని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆడినందువల్ల పేదలపట్ల వైఖరి మెరుగుపడలేదు, కొందరిలో ఇంకా దిగజారింది. మరొకరు ఆడుతుంటే చూసినవాళ్లలో మాత్రం మార్పు కనిపించింది. నిర్ణయాలన్నీ తన చేతిలో ఉన్న ఆటగాడికి పేదవాడి బతుకూ అలాగే వాడి చేతిలో ఉందనిపిస్తుంది. ఈ రంగంలో పనిచేసే ప్రతివాళ్లూ ఈ ఫలితాన్ని పట్టించుకోవాలి.

తళి కృష్ణగిరి జిల్లాలో, కర్ణాటక అంచున ఉంది. ఇళ్లలో తెలుగు, కన్నడం. సర్కారు కాగితాల్లో తమిళం. 2011 జూన్ నుంచి తమిళనాట రేషన్ బియ్యం ఉచితం కాబట్టి ఇక్కడ బియ్యం కంటే ముందు కరువయ్యేది రోజు. పూలతోటలో కూలికి పోయే ఆమె ఒక ధ్రువపత్రం కోసం డెంకణికోట తాలూకా కచేరికి పోవాలి. పెద్దాసుపత్రి అంటే హోసూరు, దాదాపు 25 కిలోమీటర్లు. 2021 నుంచి టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు, నిజమే. పోయిన కూలి ఎవరిస్తారు? ఏనుగులు పడతాయని రాత్రంతా రాగిచేనికి కాపున్న భర్త, తెల్లారి ఆమెకు తోడు రాగలడా? అందుకే ఇక్కడి అభ్యాసంలో డబ్బు చీటీల కంటే రోజుల చీటీలు ముఖ్యం. బల్ల దగ్గరికి పోయిన ప్రతిసారీ ఒక చీటీ చిరిగిపోవాలి. దరఖాస్తు తమిళంలోనే ఇవ్వాలి.

నాటకంతో జనం కష్టం చెప్పడం తెలుగువాళ్లకు కొత్తకాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఆ పనే చేసింది. బ్రెజిల్ రంగస్థల కర్త ఆగస్టో బోల్ మరో అడుగు వేసి, ప్రేక్షకుడే లేచి వేదికెక్కి కథను మలుపు తిప్పే పద్ధతి తెచ్చాడు. తళిలో ఆ కూలి కుటుంబాలే కథ కట్టాలి, బల్లల వెనక గుమాస్తాలుగా, యజమానులుగా కూర్చోవాలి. ఉపాధ్యాయులు, నర్సులు, అధికారులు ముందు చూడాలి, తర్వాత వరుసలో నిలబడాలి. “రేపు రా” అనే మాట ఎప్పుడు, ఏ గొంతుతో అనాలో ఆ కుటుంబాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఫలితాన్ని శిక్షణనాటి కన్నీళ్లతో కొలవకూడదు. ఆరు నెలల తర్వాత ఆ కచేరీల్లో ఒక పనికి ఎన్నిసార్లు తిప్పుతున్నారో, దరఖాస్తును తెలుగులోనో కన్నడంలోనో చదివి చెప్పే మనిషి ఉన్నాడో లేదో చూడాలి. నేర్పడానికి వచ్చిన కుటుంబాలకు ఆ రోజు కూలి, శిక్షకులకు ఇచ్చే గౌరవవేతనం లెక్కలోనే చెల్లించాలి.