బానెట్ అమరిక (పాతకాలపు కార్లు)

బానెట్ అమరిక అంటే పాతకాలపు కారు ఇంజిన్‌పై మూతను తిరిగి బిగించి, చుట్టూ ఉన్న రేకు భాగాలతో సందు, ఎత్తు సమానంగా ఉండేలా సరిచేసే పని. రంగు వేయడానికో, ఇంజిన్ దించడానికో బానెట్ తీసిన ప్రతిసారీ ఇది అవసరమవుతుంది.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు నడిమధ్య కీలుతో రెండు పక్కలకూ తెరుచుకునే బానెట్లు ఎక్కువగా ఉండేవి. తర్వాత అద్దం వైపు కీలున్నవి వ్యాపించాయి. 1961 నాటి జాగ్వార్ ఈ-టైప్ బానెట్ ముందువైపు కీలుపై తెరుచుకుంటుంది.

విప్పే ముందు కీలు బోల్టుల చుట్టూ గీత గీస్తారు. బిగించేటప్పుడు ఇద్దరు చెరోపక్క పట్టుకుంటారు. బోల్టులను వదులుగా ఉంచి, పొడవాటి రంధ్రాల్లో కీలును జరిపి సందు సరిచేస్తారు. చాలా కార్లలో ఈ సందు 4 నుంచి 5 మిల్లీమీటర్లు. వెనుక ఎత్తును కీళ్లతో, ముందు ఎత్తును రబ్బరు దిమ్మలతో కుదురుస్తారు. గొళ్లెం సరిచేయడం చివరి పని.

వేసవిలో 45 డిగ్రీల సెల్సియస్ దాటే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. 30 డిగ్రీల వేడి పెరిగితే 1.2 మీటర్ల ఉక్కు రేకు సుమారు 0.4, అల్యూమినియం రేకు 0.8 మిల్లీమీటర్లు సాగుతాయి. అందువల్ల జాగ్వార్ ఎక్స్‌కే120 వంటి, ఉక్కు బాడీపై అల్యూమినియం బానెట్ ఉన్న కార్లలో సందును నీడలో, లోహం చల్లబడ్డాక కొలవడం మేలు.

ఇలాంటి పాత కార్లకు ఆ దేశంలో ప్రత్యేక ప్రదర్శనశాల, షార్జా క్లాసిక్ కార్ మ్యూజియం, 2008లో ప్రారంభమైంది.