ఒక్క వాక్యం మీద నిలిచే ప్రభుత్వం



మనమంతా నిబంధనల మధ్య జీవితం గడిపిన వాళ్లం. సెలవు పెట్టాలన్నా నిబంధన, ఇంక్రిమెంటు రావాలన్నా నిబంధన, చివరకు పెన్షన్ కాగితాలు కదలాలన్నా నిబంధనే. ఫండమెంటల్ రూల్సును నిద్రలో లేపి అడిగినా చెప్పగల మిత్రులు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. అటువంటి మనకు కూడా, మనందరి పైన ఉండే ప్రభుత్వానికి వర్తించే నిబంధన ఏమిటని మనుమడో మనుమరాలో అడిగితే కాస్త తడుముకోవలసి వస్తుంది. ప్రధానమంత్రి ఏ ఆధారంతో ఆ కుర్చీలో కూర్చుంటారు? ఎప్పుడు లేవాలి? లేవమని చెప్పే అధికారం ఎవరిది?

జవాబు రాజ్యాంగం 75వ అధికరణంలోని మూడవ క్లాజులో ఉంది. మంత్రిమండలి సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహించాలి. అంతే, ఒక్క వాక్యం. సభ విశ్వాసం ఉన్నంతవరకే ప్రభుత్వం. ఆ విశ్వాసం పోయిన రోజున ఎంతటి నాయకుడైనా దిగిపోవలసిందే.

ఈ వాక్యం మన కళ్లముందే మూడుసార్లు గట్టి పరీక్షకు నిలిచింది. ఆ మూడుసార్లూ కీలకమైన కుర్చీలో ఉన్నది ఒక తెలుగువాడు కావడం విశేషం. ఒకరు రాష్ట్రపతి, ఒకరు ప్రధానమంత్రి, ఒకరు స్పీకరు. ఆ మూడు సందర్భాలను గుర్తు చేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోజువారీ లెక్క

1948 నవంబరు 4న డాక్టర్ అంబేద్కర్ ముసాయిదా రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ ముందు ఉంచుతూ ఈ విషయాన్ని వివరంగా చెప్పారు. అమెరికా పద్ధతిలో అధ్యక్షుడు నిర్ణీత కాలం వరకు కదలడు గనుక అక్కడ స్థిరత్వం ఎక్కువ. బ్రిటిష్ పద్ధతిలో ప్రభుత్వం ఏ రోజైనా పడిపోవచ్చు గనుక అక్కడ బాధ్యత ఎక్కువ. రెండూ సమపాళ్లలో దొరకవు కాబట్టి ముసాయిదా బాధ్యతకే పెద్దపీట వేసిందన్నది ఆయన చెప్పిన సారాంశం. ఎన్నికలలో ప్రజలు వేసే లెక్క కొన్నేళ్లకొకసారి వచ్చేది. సభలో ప్రశ్నలు, తీర్మానాలు, చర్చల ద్వారా సభ్యులు వేసే లెక్క రోజూ ఉండేది. మన దేశానికి రోజువారీ లెక్కే మేలని ఆయన వాదించారు. ఆ ముసాయిదా కమిటీలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు కూడా సభ్యులే.

మన భాషలో చెప్పుకోవాలంటే ఎన్నిక అనేది కాన్ఫిడెన్షియల్ రిపోర్టు వంటిది. సభకు బాధ్యత అనేది ప్రతి సాయంత్రం క్యాష్ బుక్ మూసి సంతకం పెట్టడం వంటిది. రిపోర్టు బాగుందని క్యాష్ బుక్ చూపించనంటే ఏ ఆఫీసులోనూ కుదరదు గదా!

ఇంకొక ముచ్చట. అవిశ్వాస తీర్మానం అన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. అది లోక్‌సభ నియమాలలో ఉంది. కనీసం 50 మంది సభ్యులు లేచి నిలబడితేనే అది చర్చకు వస్తుంది. నెహ్రూ ప్రభుత్వంపై 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ ప్రవేశపెట్టినది మొట్టమొదటిది. దానికి అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చాయి. అప్పటినుంచి 2023 వరకు వచ్చిన అవిశ్వాస తీర్మానాలలో ఒక్కటీ నెగ్గలేదు. సభలో పడిపోయిన ప్రభుత్వాలన్నీ తామే విశ్వాస తీర్మానం పెట్టి ఓడిపోయినవే. 1990లో వి.పి.సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజపేయి ప్రభుత్వాలు అలా పోయాయి.

సభ గుమ్మం తొక్కని ప్రధాని

మొదటి పరీక్ష 1979లో వచ్చింది. రాష్ట్రపతి మన అనంతపురం జిల్లా ఇల్లూరు వాసి నీలం సంజీవరెడ్డి గారు. అవిశ్వాస తీర్మానం సభ ముందు ఉండగా, మెజారిటీ కరిగిపోతున్నదని గ్రహించిన మొరార్జీ దేశాయ్ గారు జూలై 15న రాజీనామా ఇచ్చారు. జూలై 28న చరణ్ సింగ్ గారు ప్రమాణ స్వీకారం చేశారు. ఆగస్టు మూడవ వారంలోగా సభ విశ్వాసం పొందాలని రాష్ట్రపతి చెప్పారు. ఆగస్టు 20న సభ సమావేశం కావలసి ఉంది. ఇంతలో బయటినుంచి బలపరుస్తామన్న ఇందిరా కాంగ్రెస్ మద్దతు ఉపసంహరించింది. చరణ్ సింగ్ గారు సభను ఎదుర్కోకుండానే 20వ తేదీన రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. 22న సభ రద్దయింది. 1980 జనవరిలో కొత్త ప్రభుత్వం వచ్చేవరకు ఆయనే కొనసాగారు.

సభ విశ్వాసం ఒక్కరోజు కూడా పొందని ప్రధాని ఇచ్చిన సలహాపై సభను రద్దు చేయవచ్చునా? జగ్జీవన్ రాం గారికి ఒక అవకాశం ఇచ్చి ఉండవలసింది కాదా? ఈ ప్రశ్నలు సంజీవరెడ్డి గారిని చాలాకాలం వదలలేదు. ఆయన నిర్ణయాన్ని సమర్థించినవారూ ఉన్నారు, తప్పుపట్టినవారూ ఉన్నారు. ఒకటి మాత్రం నిజం. ఆ సందర్భంలో లెక్కింపు జరగవలసిన చోట జరగలేదు. 1989లో, 1996లో ఏ పార్టీకీ మెజారిటీ రానప్పుడు రాష్ట్రపతులు కూడా ప్రధానికి గడువు పెట్టి, సభలో బలం చూపమనే చెప్పారు.

గెలిచినా మిగిలిన మచ్చ

రెండవ పరీక్ష 1993లో జరిగింది. ప్రధాని పి.వి.నరసింహారావు గారు. 1991లో ఆయన ప్రభుత్వం ఏర్పడేనాటికి సొంతంగా మెజారిటీ లేదు. ఆర్థిక సంస్కరణలు నడుస్తుండగా 1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. 14 ఓట్ల తేడాతో ప్రభుత్వం నిలిచింది.

సభలో లెక్కింపు ఈసారి సవ్యంగానే జరిగింది. ఆ ఓట్లు ఎలా వచ్చాయన్నదే వివాదం. జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులు కొందరు లంచం తీసుకుని ఓటు వేశారన్న ఆరోపణపై కేసు నడిచింది. 1998 ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 3:2 మెజారిటీతో ఒక తీర్పు ఇచ్చింది. సభలో వేసిన ఓటుకు 105వ అధికరణం రక్షణ ఉంది కనుక, డబ్బు తీసుకుని ఓటు వేశారన్న సభ్యులపై ప్రాసిక్యూషన్ చెల్లదన్నది. విచిత్రమేమిటంటే, డబ్బు తీసుకుని ఓటు వేయలేదన్న సభ్యుడికి మాత్రం ఆ రక్షణ లేదన్నది! పి.వి. గారికి 2000లో కింది కోర్టు శిక్ష వేసినా, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. న్యాయం దృష్టిలో ఆయనపై కేసు అక్కడితో ముగిసింది. 1998 నాటి ఆ తీర్పును మాత్రం 2024 మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ఓటుకు లంచం తీసుకోవడం సభ్యుని హక్కులలో భాగం కాదని తేల్చింది. ఆ మాట స్పష్టం కావడానికి పాతికేళ్లు దాటింది.

269 - 270

మూడవ పరీక్ష 1999 ఏప్రిల్ 17, శనివారం. ఆనాడు మా వీధిలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ జనమే. మా పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పార్టీలవారీగా కాగితం మీద కూడికలు వేసుకుంటూ కూర్చున్నారు. అన్నా డి.ఎం.కె. మద్దతు ఉపసంహరించుకోవడంతో, సభ విశ్వాసం పొందవలసిందిగా రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు వాజపేయి గారిని కోరారు. స్పీకరు కుర్చీలో ఉన్నది మన కోనసీమ బిడ్డ, అమలాపురం సభ్యుడు జి.ఎం.సి.బాలయోగి గారు.

ఓటింగుకు ముందు ఒక చిక్కు వచ్చింది. గిరిధర్ గమాంగ్ గారు ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. కాని లోక్‌సభ సభ్యత్వం వదులుకోలేదు. ఆయన ఓటు వేయవచ్చునా? నిబంధన చూస్తే అడ్డు లేదు. శాసనసభ సభ్యుడు కానివారు కూడా ఆరు నెలలు మంత్రిగా ఉండవచ్చునని 164వ అధికరణం చెబుతుంది. రాష్ట్ర మంత్రి పదవి లాభదాయక పదవి కిందకు రాదని 102వ అధికరణం చెబుతుంది. అక్షరం ప్రకారం అర్హత ఉంది, ఔచిత్యం సంగతే ప్రశ్న. బాలయోగి గారు ఆ నిర్ణయాన్ని ఆ సభ్యుని విజ్ఞతకే వదిలిపెట్టారు. గమాంగ్ గారు ఓటు వేశారు. విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది.

ఆ ఒక్క ఓటు ఎవరిదన్న వాదన ఇంకా సాగుతూనే ఉంది. సొంత పార్టీ నిర్ణయాన్ని కాదని వ్యతిరేకంగా ఓటు వేసిన సైఫుద్దీన్ సోజ్ గారి పేరు కూడా అందులో వినిపిస్తుంది. ఒక్క ఓటు తేడా వచ్చినప్పుడు ప్రతి ఓటూ ఆ ఒక్క ఓటే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 100వ అధికరణం ప్రకారం స్పీకరు మామూలుగా ఓటు వేయరాదు. ఇరుపక్షాలూ సమానమైతేనే నిర్ణాయక ఓటు వేయాలి. గమాంగ్ గారు ఓటు వేయకుండా ఉంటే లెక్క 269 - 269 అయ్యేది. అప్పుడు దేశ ప్రభుత్వం భవిష్యత్తు బాలయోగి గారి ఒక్కరి చేతిలోకి వచ్చేది. ఆయన పార్టీ తెలుగుదేశం ఆనాడు ప్రభుత్వాన్ని బలపరుస్తున్నది. అయినా ఆ సభ్యుణ్ణి ఆపే ప్రయత్నం ఆయన చేయలేదు. లెక్క ఎటు పోతుందో చూసి రూలింగ్ ఇచ్చే మనిషి కాదని నాకు అనిపిస్తుంది. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదం ఆయనను మనకు దూరం చేసింది.

వాజపేయి గారు తిరిగి లెక్కపెట్టమని పట్టుబట్టలేదు. అదేరోజు రాష్ట్రపతికి రాజీనామా అందజేశారు.

ఖాళీ ఉండని కుర్చీ

మరి ప్రభుత్వం పడిపోతే దేశం ఎవరు నడపాలి? ఆపద్ధర్మ ప్రభుత్వం అన్న మాట కూడా రాజ్యాంగంలో లేదు. రాష్ట్రపతికి సలహా ఇవ్వడానికి మంత్రిమండలి ఎల్లప్పుడూ ఉండాలని 74వ అధికరణం. సభ రద్దయినా మంత్రిమండలి కొనసాగుతుందని 1971లో సుప్రీంకోర్టు తేల్చింది. అందువల్లనే 1999 మే, జూలై నెలల మధ్య కార్గిల్ పోరాటం జరిగినప్పుడు దేశానికి ప్రభుత్వం లేని పరిస్థితి రాలేదు.

మనకు సంబంధించిన మాట కూడా ఒకటుంది. చట్టసభ ఆమోదం లేకుండా ఖజానానుంచి జీతానికైనా, పెన్షనుకైనా డబ్బు తీయడానికి వీలులేదు. అందుకే పడిపోయిన ఆ సభే, రద్దయ్యేముందు, ఆ ఏటి బడ్జెట్‌ను చర్చ లేకుండా ఆమోదించింది. అంతకుముందు వారమే కత్తులు దూసుకున్న పక్షాలు ఆ పనికి మాత్రం కలిసి వచ్చాయి. చర్చ లేని బడ్జెట్ మంచి ఆనవాయితీ కాదు. కాని ఒకటో తారీఖు ఆగకుండా చూసింది అదే.

మూడు సందర్భాలలోనూ నిబంధన ఒక్కటే, అక్షరం కూడా మారలేదు. ఒకసారి సభ లెక్కించనే లేదు. ఒకసారి లెక్కించినా ఓట్లపై మచ్చ పడింది. ఒకసారి ఒక్క ఓటు తేడాను కూడా అందరూ తలవంచి ఒప్పుకున్నారు. సర్వీసులో మనం చూసిందీ ఇదే గదా. ఒకే రూలు పుస్తకం, ఒకే సెక్షను, కుర్చీలో కూర్చునే మనిషిని బట్టి ఆఫీసు వేరుగా ఉండేది.

కాబట్టి సభ్యులకు నా మనవి. మన ఇళ్లలో కొత్తగా ఓటు హక్కు వచ్చిన పిల్లలకు ఈ మూడు కథలు చెప్పండి. మనం ఎన్నుకున్న సభ్యుడు ఓటింగు రోజున సభలో ఉన్నాడా, ఎటు ఓటు వేశాడు, ఎందుకు వేశాడు అని అడిగే అలవాటు వారికి చేయండి. రోజువారీ లెక్క చూసే పని సభ్యులది. ఆ సభ్యుల లెక్క చూసే పని మనది. ఆ పనికి రిటైర్మెంట్ లేదు.