రాజూరా తాలూకాలో రైలు వారి బస్సు

ఉప్పర్వాహి ఈనాడు చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలో ఉంది. కాని 1956 దాకా ఈ ప్రాంతం రాజూరా తాలూకాలో భాగంగా హైదరాబాదు రాజ్యపు ఆదిలాబాదు జిల్లాలోనిది. కనుక ఇక్కడి బస్సు చరిత్రను బొంబాయి నుంచి కాక హైదరాబాదు నుంచి చెప్పుకోవాలి.

మద్రాసులో 1895 మే 7న ఎలక్ట్రిక్ ట్రాం మొదలైంది. కలకత్తా, బొంబాయిలకు అది తరువాతే వచ్చింది. 1953లో మద్రాసు ట్రాం ఆగిపోయింది. హైదరాబాదు అసలు ఆ దారే తొక్కలేదు. అక్కడ రైలు శాఖే రోడ్డెక్కింది. బ్రిటిషిండియాలో రైళ్లు ప్రైవేటు మోటార్ల పోటీతో సతమతమవుతున్న రోజులవి. నిజాం ప్రభుత్వం 1930లో రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. 1932 జూన్‌లో ఆ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం తెరిచింది. రైలూ బస్సూ ఒకే ఇంటివైతే ఒకదాని కూడు మరొకటి లాక్కోదు. మంచి ఆలోచనే.

1951 నవంబరు 1న ఈ విభాగం రైల్వే నుంచి విడివడి హైదరాబాదు ప్రభుత్వం కిందికి వచ్చింది. 1956 విభజనలో పంపకాలు జరిగాయి. తెలంగాణ వాటా 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. మరాఠ్వాడా వాటా 1961లో మహారాష్ట్ర సంస్థలో కలిసింది. రాజూరా మొదట నాందేడుకు, 1959లో చాందాకు మారింది.

ఒకే గారాజులో పుట్టిన బండిని ఇటువారు ‘ఎస్టీ’ అంటారు, అటువారు ‘ఆర్టీసీ’ అంటారు. ఆర్టీసీ బస్సు నెంబరులోని ‘జడ్’ చివరి నిజాం తల్లి జహ్రా బేగం పేరుదని చెప్పుకుంటారు. ఇటు బస్సుకు ఆ అక్షరం దక్కలేదు.